కోవెల్ పేరుని కిందికి జరిపాక

తీరిక దొరికినప్పుడల్లా ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు దిద్దుతుంటాను. సంగీతం మీద ఉన్న మొలకల్ని, అంటే రెండు మూడు ముక్కలతో ఆగిపోయిన వ్యాసాల్ని, పెంచడమంటే నాకు ఇష్టం. ఈమధ్య చేతికొచ్చిన మొలకలో ఉన్నవి నాలుగే వాక్యాలు. యొహానా బయర్ జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన స్వరకర్త. ప్రఖ్యాత స్వరకర్త హెన్రీ కోవెల్‌కి శిష్యురాలు, ఆయన జైల్లో ఉన్నప్పుడు ఆయన పనులు చూసిపెట్టింది. ఎలక్ట్రానిక్ వాయిద్యాల కోసం సంగీతం రాసిన తొలి మహిళ. నరాల జబ్బుతో 1944లో న్యూయార్క్‌లో చనిపోయింది, ఆ తర్వాత అందరూ ఆమెను మర్చిపోయారు.

వీటిలో మూడోదానితో నాకు పేచీ ఉంది, ఆ సంగతి తర్వాత చెప్తాను. మిగతావాటికి మూలాలు అడిగితే చూపించొచ్చు. అయినా ఇది చెడ్డ వ్యాసమే అంటాను. స్వరకర్త గురించి చదివిన పాఠకుడికి ఆవిడ పియానోకి రాసిందో డ్రమ్ములకి రాసిందో తెలియదు. ఆ సంగీతం పరుగెడుతుందో నింపాదిగా నడుస్తుందో తెలియదు. తెలిసేదల్లా ఎవరి దగ్గర చదువుకుంది, ఎవరికి సాయం చేసింది, దేంట్లో మొదటిది, ఎలా పోయింది. అంతే.

మరుగునపడిన కళాకారుల మీద మనం రాసే జీవిత చరిత్రలన్నీ దాదాపు ఈ అచ్చులోనే ఉంటాయి. పేరున్నవాళ్ళతో పరిచయం, 'తొలి' అన్న కిరీటం, పడ్డ కష్టాలు, చావు. వ్యాసాన్ని పెంచమంటే ఈ నాలుగింటినే ఇంకాస్త సాగదీస్తాం. 'తీరని లోటు', 'ఎనలేని సేవ' లాంటివి నాలుగు చల్లి వ్యాసం పైన తగిలించిన 'మూలాలు కావలెను' అన్న హెచ్చరిక పెట్టెని తీసేయమని అడుగుతాం. నా వాదన ఒక్కటే. పెంచాల్సింది ఆ నాలుగింటినీ కాదు, అసలు ఎక్కడా కనపడని ఐదోదాన్ని, అంటే ఆ మనిషి చేసిన పనిని. మిగతావన్నీ ఆ పనిని అర్థం చేసుకోవడానికి ఎంత అవసరమో అంతే ఉండాలి.

ముందు జీవితం, క్లుప్తంగా. బయర్ 1888 జూలై 11న లైప్‌జిగ్‌లో పుట్టింది. బాఖ్ పనిచేసిన ఊరు, మెండెల్సన్ సంగీత విద్యాలయం పెట్టిన ఊరు. 1911 నుంచి 1914 దాకా ఒకసారి అమెరికాలో ఉండి వెనక్కి వెళ్ళింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, జర్మనీలో సంగీతం చదువు పూర్తిచేసుకుని, 1920లలో న్యూయార్క్ వచ్చి అక్కడే ఉండిపోయింది. మానెస్ సంగీత పాఠశాలలో చేరి 1928 నాటికి రెండు పట్టాలు తీసుకుంది. పియానో పాఠాలు చెప్పి బతికింది. అప్పటికి ఆమెకి నలభై ఏళ్ళు, మనకి ఇవాళ ఆసక్తి కలిగించే రచన ఒక్కటీ ఇంకా రాయలేదు. ఆ తర్వాతే రూత్ క్రాఫర్డ్, చార్లెస్ సీగర్, డేన్ రుధ్యార్, హెన్రీ కోవెల్‌ల దగ్గర కొత్త సంగీతం నేర్చుకుంది. ఆ పైన పదేళ్ళ పైచిలుకులో యాభైకి పైగా రచనలు తయారయ్యాయి. నలభై దాటాక మొదలుపెట్టి ఇంత పని! మొలకలో దీనికి ఒక్క ముక్క చోటు దొరకలేదు.

కోవెల్‌కి మాత్రం దొరికింది. కారణం, మిగిలిన కాగితాలు. 1936 మేలో కాలిఫోర్నియాలో కోవెల్‌ని నైతిక నేరం కింద అరెస్టు చేశారు. శిక్షపడి సాన్ క్వెంటిన్ జైలుకి వెళ్ళి 1940లో పెరోల్ మీద బయటికొచ్చాడు. ఆ కాలమంతా బయర్ న్యూయార్క్‌లో ఉండి ఆయన రచనలు వాయించమని అడుగుతూ ఉత్తరాలు రాసింది, విడుదల కోసం జరిగిన ప్రయత్నాల్లో పాలుపంచుకుంది. ఒక ఏజెంటు చేయాల్సిన చాకిరీ అంతా చేసింది. ఆ ఉత్తరాలు కోవెల్ కాగితాలతో పాటు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఆమె గురించి పరిశోధకులు తెలుసుకున్నదాంట్లో పెద్ద వాటా వాటిలోంచే వచ్చింది.

ఇక్కడే చిక్కు. కోవెల్ పేరున్నవాడు కాబట్టి ఆయన కాగితాలు దాచారు. ఆయనకి రాసినవి కాబట్టి ఆమె మాటలు మిగిలాయి. కోవెల్‌కి రాసిన ఉత్తరాల్లో కోవెల్ సంగతులే ఎక్కువ ఉంటాయి, ఇంకెవరివి ఉంటాయి? పియానో నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలతో ఏం మాట్లాడిందో, క్లారినెట్ వాయించేవాడికి ఏ చోట ఎలా ఊదాలో ఎలా చెప్పిందో ఏ పెట్టెలోనూ లేదు. కాబట్టి ఆ ఉత్తరాల్నే ఆధారం చేసుకుని రాసే ప్రతి జీవిత చరిత్రా కోవెల్ వైపు వాలిపోతుంది. రాసేవాళ్ళకి దురుద్దేశం ఉండక్కర్లేదు. దిద్దేవాళ్ళు ఆ వాలుని గమనించి ఎదురు నడవాలి, అంతే.

ఎదురు నడవడమంటే ఏమిటో ఒక ఉదాహరణ. అరెస్టు జరిగిన అదే 1936 మేలో న్యూయార్క్‌లో కంపోజర్స్ ఫోరమ్ లాబొరేటరీ వాళ్ళు బయర్ రచనలతో ఒక సాయంత్రం ఏర్పాటు చేశారు. మహామాంద్యం రోజుల్లో సంగీతకారులకి పని కల్పించడానికి ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ మ్యూజిక్ ప్రాజెక్టులో ఈ ఫోరమ్ ఒక భాగం. కచేరీ అయ్యాక శ్రోతలు ప్రశ్నలు వేస్తారు, స్వరకర్త వేదిక మీదే జవాబు చెప్పాలి. ఆ సంభాషణలు నమోదు చేసేవాళ్ళు. మరుసటి ఏడాది మేలో మళ్ళీ ఆమె రచనలతో ఇంకో కచేరీ జరిగింది. అంటే ఊరి నడిబొడ్డున, డబ్బివ్వకపోయినా చెవులిచ్చిన జనం ముందు, తన సంగీతానికి తనే జవాబుదారీగా నిలబడ్డ మనిషి. చాలాచోట్ల ఈ కచేరీలకి ఒక వాక్యం, కోవెల్ అరెస్టుకి ఒక పేరా. నేను ఆ లెక్కని తలకిందులు చేశాను. అరెస్టు వివరాలు కోవెల్ వ్యాసంలో ఉండాల్సినవి. ఇక్కణ్ణించి లింకు ఇస్తే సరిపోతుంది.

నిజానికి కోవెల్‌ని పట్టుకుని వేలాడాలని తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో కారణం కూడా ఉంది. కోవెల్ 1930ల మొదట్లో బెర్లిన్‌లో ఉన్నప్పుడు మద్రాసు సంగీతశాస్త్రవేత్త పి. సాంబమూర్తి దగ్గర కర్ణాటక సంగీతం గురించి నేర్చుకున్నాడు. 1950లలో మద్రాసు కూడా వచ్చాడు. ఆయన పదమూడో సింఫనీ పేరే 'మద్రాస్'. తెలుగు పాఠకుణ్ణి లోపలికి రప్పించడానికి ఇంతకంటే మంచి గుమ్మం ఉండదని నాకూ చేతులు దురద పెట్టాయి. కానీ ఆ సాంబమూర్తి ముచ్చటకీ బయర్ రాసిన ఒక్క స్వరానికీ సంబంధం చూపించలేం. అలాంటప్పుడు అది అలంకారం అవుతుంది. అది కూడా ఆమె ఇంట్లో ఆయన పటానికి వేసిన దండ.

మర్యాదల గురించి కూడా ఒక మాట. తెలుగు వ్యాసాల్లో మగవాళ్ళు 'ఆయన రాశారు', ఆడవాళ్ళు 'ఈమె రాసింది' అయిపోతుంటారు. కోవెల్ దగ్గర 'చేశారు' అని ఉంటే బయర్ దగ్గరా 'చేశారు' ఉండాలి. లేదా ఇద్దరికీ మామూలు రూపమే. నేను రెండోది ఎంచుకున్నాను, ఈ వ్యాసంలో కూడా.

సరే, అసలు పని దగ్గరికి వద్దాం.

బయర్ నేర్చుకున్న పద్ధతిని చెప్పకుండా ఆమె సంగీతం గురించి చెప్పలేం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో శతాబ్దాలుగా ఒక నియమం ఉంది. కలిపి మోగించినప్పుడు చెవికి కటువుగా తగిలే స్వరాల జంట వస్తే, దాన్ని ఇంపుగా వినిపించే జంటలోకి దించాలి. చార్లెస్ సీగర్ దీన్ని తలకిందులు చేశాడు. కటువైనదే మామూలు స్థితి. ఇంపైన జంట వస్తే దాన్ని కటువైన దాంట్లోకి దించాలి. ఒకసారి వాడిన స్వరాన్ని మరికొన్ని స్వరాలు గడిచేదాకా మళ్ళీ ముట్టుకోకూడదు. లయలో కూడా అంతే, ఒకే నడక పదేపదే రాకూడదు. ఏ స్వరమూ పీట వేసుకుని కూర్చోకుండా చూడటం ఇందులోని కిటుకు. దీన్ని డిసొనెంట్ కౌంటర్‌పాయింట్ అన్నారు. రూత్ క్రాఫర్డ్ 1931లో రాసిన స్ట్రింగ్ క్వార్టెట్, అంటే నాలుగు తీగవాయిద్యాల రచన, ఈ బడిలోంచి వచ్చినవాటిలో బాగా పేరు తెచ్చుకుంది.

1932లో బయర్ ఈ పద్ధతిని ఒక్క క్లారినెట్ కోసం రాసిన సూట్లలో (కొన్ని చిన్న భాగాలు కలిపిన రచనల్లో) వాడింది. ఒకేసారి ఒక్క స్వరమే పలకగల వాయిద్యం, పక్కన తోడు లేదు, కింద శ్రుతి లేదు. మనలాంటి చెవులకి ఇది మొదట కష్టంగానే ఉంటుంది. షడ్జం ఎక్కడుందా అని వెతుక్కుంటాం, ఉండదు. కాసేపటికి వెతకడం మానేశాక, రాగం బదులు ఆ గీత వంపులు వినపడటం మొదలవుతుంది. ఎక్కడ పైకి లాగింది, ఎక్కడ విడిచిపెట్టింది, ఎంతసేపు ఊపిరి బిగబట్టింది. ఈ చివరి మూడు వాక్యాలూ విజ్ఞాన సర్వస్వంలో రాయను. 'నేను విన్నాను, నాకిలా అనిపించింది' అన్నది అక్కడ చెల్లదు, చెల్లకూడదు కూడా. కానీ సీగర్ నియమం ఏమిటో, ఆ సూట్లలో అది ఎలా పనిచేస్తుందో రాయొచ్చు. దానికి అచ్చులో ఉన్న పరిశోధన ఆధారంగా ఉంది.

తర్వాత పర్కషన్, అంటే డ్రమ్ముల్లాంటి కొట్టి మోగించే వాయిద్యాలు. 1933 మార్చిలో ఎడ్గార్ వరేజ్ అన్న స్వరకర్త పర్కషన్ రచన 'అయోనైజేషన్' న్యూయార్క్‌లో మొదటిసారి మోగింది. పదముగ్గురు వాద్యగాళ్ళు, రెండు సైరన్లు. ఆధునిక సంగీత చరిత్రలో అదొక మైలురాయి అని అందరూ రాస్తారు, రాయాల్సిందే. అదే ఏడాది బయర్ కూడా ఒక పర్కషన్ సూట్ రాసింది. ఆమె దారి వేరు. చాలామటుకు మెల్లని శబ్దాలు, వాటి మధ్య ఖాళీలు. చప్పుడు చేసే వాయిద్యాలన్నీ ముందు పెట్టుకుని చప్పుడు చేయకుండా ఉండటం. నా మట్టుకు నాకు ఇది వరేజ్ సైరన్ల కంటే ఎక్కువ సాహసం. ఈ మాట కూడా బ్లాగులోనే చెల్లుతుంది.

1935లో రాసిన 'ఫోర్' అన్న రచన, రోమన్ అంకెతో రాస్తారు, తొమ్మిదిమంది పర్కషన్ వాద్యగాళ్ళ కోసం. ఏ వాయిద్యమో చెప్పలేదు. తొమ్మిది గీతలున్నాయి, ఏ గీత దేనిమీద వాయించాలో వాయించేవాళ్ళ ఇష్టం. నడక ఏడు మాత్రలది, మన లెక్కలో మిశ్రచాపు. వేగం ఒకచోట నిలవదు, పెరుగుతూ తగ్గుతూ పోతుంది. కోవెల్ నడిపిన న్యూ మ్యూజిక్ ప్రచురణల్లో 1936లో అచ్చయింది. ఆమె బతికుండగా అచ్చయిన రచన ఇదొక్కటే. కోవెల్‌కి ఇక్కడ రుణపడి ఉన్నాం, ఆ మాట వ్యాసంలో ఉంచాను. అలాగే 1939 నాటి 'త్రీ మూవ్‌మెంట్స్ ఫర్ పర్కషన్' అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కి అంకితం. కేజ్ పేరు ఇలా రావడం న్యాయం, ఎందుకంటే ఆ వాక్యంలో పని చేస్తున్నది బయరే.

రెండో స్ట్రింగ్ క్వార్టెట్ గురించి వ్యాసంలో తప్పనిసరిగా ఉండాలని పట్టుబట్టాను. 1936లో రాసింది. అందులో మోట్సార్ట్ ఆపెరా 'మ్యాజిక్ ఫ్లూట్'లో పిట్టలు పట్టే పాపగేనో పెళ్ళాం కోసం తహతహలాడుతూ పాడే పాట ఉన్నట్టుండి దూరుతుంది. చుట్టూ కటువైన స్వరాలు, మధ్యలో జర్మనీలో పిల్లలకి కూడా తెలిసిన ఆ పాట. ఇది రాసినావిడ నవ్వుకుంటూ రాసి ఉంటుందని నమ్ముతాను. బయర్‌ని జీవితాంతం ఏడ్చిన మనిషిగా చూపించే వ్యాసాలకి ఈ క్వార్టెట్ గొంతులో వెలక్కాయ. అందుకే కాబోలు చాలావాటిలో దీని ఊసు ఉండదు.

ఇప్పుడు 'మ్యూజిక్ ఆఫ్ ద స్ఫియర్స్'. 1938లో రాసింది. బయర్ పేరు తెలిసినవాళ్ళలో ఎక్కువమందికి తెలిసింది ఇదొక్కటే. 'స్టేటస్ కో' అని ఒక ఆపెరా తలపెట్టి, దానికోసం గగ్గెన్‌హైమ్ ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టింది, రాలేదు, ఆపెరా పూర్తికాలేదు. దాంట్లో ఒక భాగం ఇది. మూడు విద్యుత్ వాయిద్యాలు, లేదా వాటి బదులు తీగవాయిద్యాలు, వాటితో పాటు ఒక ట్రయాంగిల్, ఒక లయన్స్ రోర్. సింహగర్జన అని పేరు పెట్టిన ఈ చివరిది ఒక రకం డ్రమ్ము. చర్మం మధ్యలోంచి ఒక తాడు ఉంటుంది, దాన్ని పట్టి లాగుతూ రుద్దితే గుర్రుమంటుంది. మన జమిడిక చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, కాకపోతే జమిడికలో తీగని మీటుతారు, ఇక్కడ తాడుని రుద్దుతారు. రచన చాలా నెమ్మదిగా మొదలవుతుంది. కింద ఒక చిన్న స్వరాల గుంపు తిరిగి తిరిగి వస్తుంటుంది, వేగం తెలియకుండానే పెరుగుతుంది, ఒక దశ దాటాక మళ్ళీ వెనక్కి జారి నెమ్మదిస్తుంది.

ఏ విద్యుత్ వాయిద్యాలు? స్కోరులో లేదు. 1938లో థెరెమిన్ ఉంది, ఓండ్ మార్తెనో ఉంది. ఆమె వేటి పేరూ రాయలేదు. ఇవాళ ఇంటర్నెట్‌లో మనం వినే ప్రసిద్ధ రికార్డింగు 1977లో ఎలక్ట్రిక్ వీజెల్ ఎన్సెంబుల్ అన్న బృందం చేసింది. సింథసైజర్లు తయారుచేసిన డాన్ బుక్లా కూడా ఆ బృందంలోవాడే. ఎలక్ట్రానిక్ సంగీతంలో మహిళల రచనలతో వచ్చిన ఒక ఎల్‌పీలో అది ఉంది. వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది, కాదనను. అయితే ఆ జలదరింపులో ఎంత బయర్‌ది, ఎంత బుక్లా సింథసైజర్లది? 1938లో ఇలాంటి శబ్దమా అని ఆశ్చర్యపోతూ రాసే పోస్టులు చూస్తుంటాం. ఆ శబ్దం 1938ది కాదు. స్వరాలు, లయ, వేగం మారే తీరు, ఆ రచన ఆకారం ఆమెవి. ఆ ధ్వని రంగు ముప్ఫై తొమ్మిదేళ్ళ తర్వాతి వాళ్ళది. ఈ తేడాని చెప్పే ఒక్క వాక్యం చేరిస్తే బయర్ గొప్పతనం తగ్గిపోతుందని ఎవరైనా బాధపడితే, వాళ్ళు ప్రేమించింది బయర్‌ని కాదనుకోవాలి.

ఇక ఆ 'తొలి' సంగతి. ఎలక్ట్రానిక్ వాయిద్యాల కోసం రాసిన తొలి మహిళ అన్న వాక్యం ఎన్నో చోట్ల కనిపిస్తుంది. దాన్ని నిలబెట్టాలంటే విద్యుత్ వాయిద్యాలంటే ఏవి, తీగవాయిద్యాలతో కూడా వాయించొచ్చు అన్న రచనని లెక్కలోకి తీసుకోవాలా, రాయడం లెక్కా వాయించడం లెక్కా అని బోలెడు షరతులు పెట్టాలి. మగవాళ్ళయితే అంతకుముందే ఉన్నారు. థెరెమిన్‌కి ఆర్కెస్ట్రాతో షిల్లింగర్ రాసిన రచన 1929 నాటిది. ఆడవాళ్ళలో ఇంకెవరైనా ఓండ్ మార్తెనోకి అంతకుముందే ఏదైనా రాసి ఉండొచ్చు, రేపు ఎవరో ఒక రాతప్రతి బయటపెట్టొచ్చు. అప్పుడు కిరీటం పోతుంది. కిరీటం మీదే కట్టిన వ్యాసం దాంతోపాటే పోతుంది. అదే 'కేజ్ టర్న్‌టేబుళ్ళతో చేసిన మొదటి ఇమాజినరీ లాండ్‌స్కేప్ 1939ది, దానికి ఏడాది ముందు బయర్ ఇది రాసింది' అంటే? తేదీలు రెండూ గట్టివి, పాఠకుడు తన లెక్క తను వేసుకుంటాడు. నేను దాన్నే ఉంచాను. 'తొలి'ని 'తొలినాటి రచనల్లో ఒకటి' చేశాను. ఒకాయన దాన్ని మళ్ళీ మార్చారు. మళ్ళీ దిద్దాను.

జబ్బు దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. బయర్‌కి ఏఎల్‌ఎస్ వచ్చింది, కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు. 1944 జనవరి 9న పోయింది. ఆ సంగీతంలోని నెమ్మదిని, నిశ్శబ్దాన్ని చూసి జబ్బుతో ముడిపెట్టి రాస్తే భలే అందంగా ఉంటుంది. చేతులు కదలని మనిషి కదలని సంగీతం రాసింది అని. కానీ మెల్లని పర్కషన్ సూట్ 1933ది. క్లారినెట్ సూట్లు 1932వి. అప్పటికి ఆమె పిల్లలకి పియానో వాయించి చూపిస్తోంది. తేదీల ప్రకారం ఆ అందమైన వాక్యం నిలబడదు. రచనల పట్టికని కాలక్రమంలో పెట్టడం వల్ల జరిగే మేలు ఇది. కథలల్లేవాళ్ళకి పట్టిక అంటే చిరాకు, ఎందుకంటే అది ఎదురు మాట్లాడుతుంది.

'అందరూ మర్చిపోయారు' అన్న వాక్యం మీద కూడా చెయ్యి చేసుకోవాల్సొచ్చింది. అందరూ అంటే ఎవరు? రాతప్రతులు లైబ్రరీలో ఉన్నాయి. 1977లో ఎల్‌పీ వచ్చింది. 1988లో శతజయంతికి న్యూయార్క్‌లో ఎసెన్షియల్ మ్యూజిక్ బృందం ఆమె రచనలతో కచేరీలు చేసింది. ఆ బృందం నడిపిన జాన్ కెనెడీ, స్వరకర్త లారీ పొలాన్‌స్కీ కలిసి రాసిన పెద్ద వ్యాసం 1996లో మ్యూజికల్ క్వార్టర్లీలో వచ్చింది. మెల్బోర్న్‌లోని ఆస్ట్రా సంస్థ వాయించిన రెండు సీడీల సెట్టు 2008లో, ఏమీ బీల్ రాసిన పుస్తకం 2015లో. ఇంతమంది ఇన్నేళ్ళు పనిచేశాక కూడా 'మర్చిపోయారు' అని రాస్తే, ఆ పని చేసినవాళ్ళని మర్చిపోయింది మనమే.

వీటన్నిటిలో నాకు ఎక్కువ గౌరవం ఫ్రాగ్ పీక్ అన్న సంగీత ప్రచురణ సంస్థ వాళ్ళ పని మీద. పొలాన్‌స్కీ పూనుకుని స్వరకర్తల్ని, సంగీతజ్ఞుల్ని పోగుచేశాడు. ఒక్కొక్కరూ బయర్ రాతప్రతి ఒకటి తీసుకుని వాయించడానికి వీలుగా శుభ్రంగా నొటేషన్ తయారుచేశారు, చాలామటుకు ఉచితంగా. పక్కనే ఆమె చేతిరాత నకలు కూడా వేశారు. ఎక్కడ ఆమె రాసింది సందేహంగా ఉంది, ఎక్కడ తాము ఏం నిర్ణయించుకున్నారు అన్నది సంపాదకుడు వివరంగా చెప్తాడు. పొగడ్త ఒక్కటి లేదు. వాయించేవాడికి కావాల్సినవన్నీ ఉన్నాయి. జీవిత చరిత్ర వ్యాసం దిద్దేవాళ్ళు నేర్చుకోవాలంటే ఇక్కడ నేర్చుకోవాలి.

ఈ దిద్దుబాట్ల మీద నాతో వాదించిన మిత్రుడి మాటలో కూడా సత్తా ఉంది, దాటేయడం న్యాయం కాదు. జనం కథ కోసం వస్తారు, సీగర్ నియమాల కోసం రారు అన్నాడు. జైలుకెళ్ళిన గురువు, చాకిరీ చేసిన శిష్యురాలు, చివరికి తెగిపోయిన సంబంధం, జబ్బు, చావు. ఇంత కథ ఉండగా తీసుకెళ్ళి ఏడు మాత్రల నడక గురించి రాస్తే ఎవడు చదువుతాడు? నిజమే, కొంతమంది చదవరు. కానీ కథ కోసం వచ్చినవాళ్ళు కథ చదివేసి వెళ్ళిపోతారు. అయ్యో పాపం అనుకుంటారు. ఆ జాలి ఎవర్నీ క్లారినెట్ సూట్ వినేదాకా తీసుకెళ్ళదు. అప్పుడు మనం చేసిందేమిటి? ఒక స్వరకర్తని కథలో పాత్రగా మార్చాం. పైగా 1941 నాటికి ఆ స్నేహం ఎలా ముగిసిందో వ్యాసంలో ఉంచాను, రెండు వాక్యాల్లో. దాచాల్సిన పని లేదు.

ఇంకొకరి అభ్యంతరం: మన సంగీతకారులకే సరైన వ్యాసాలు లేవు, ఈవిడెందుకు? దీనికి నా జవాబు కొంచెం పెడసరంగా ఉంటుంది. మన సంగీతకారుల వ్యాసాలు తీసి చూడండి. బిరుదుల జాబితా, సన్మానాల జాబితా, గురువుగారి పేరు, ఏ మహారాజు ఏ కంకణం తొడిగాడు. ఆ విద్వాంసుడు కల్యాణి ఎలా పాడేవాడు, నెరవల్‌కి ఏ చోటు ఎత్తుకునేవాడు అన్నది వెతికినా కనపడదు. బయర్ వ్యాసం మీద కూర్చోవడం వల్లే నాకు ఆ లోపం ఇంత స్పష్టంగా కనిపించింది. పరాయివాళ్ళ మీద మనకి మొహమాటం ఉండదు కదా, కిరీటాలు తీసి పక్కన పెట్టడం తేలిక.

ఇప్పుడు వ్యాసం మొదటి పేరాలో ఆమె ఏ వాయిద్యాలకి రాసింది, ఏ పద్ధతిలో రాసింది, ఏ పదేళ్ళలో రాసింది అన్నవి ఉన్నాయి. కోవెల్ మూడో పేరాలో వస్తాడు, క్రాఫర్డ్, సీగర్‌ల తర్వాత, గురువుల్లో ఒకడిగా. చర్చాపేజీలో ఇంకా తెగనిది సమాచారపెట్టెలో 'ప్రసిద్ధి' అన్న గడి. 'మ్యూజిక్ ఆఫ్ ద స్ఫియర్స్' అని పెట్టాలని ఒకరు, 'హెన్రీ కోవెల్ కార్యదర్శి' అన్న పాత మాటే ఉంచాలని ఇంకొకరు. నేను 'పర్కషన్, క్లారినెట్ రచనలు' అని పెట్టాను. వాటికి ఆమె ప్రసిద్ధి కాదు కదా అని ఒకరు అడిగారు. గడి పేరు మార్చడం కుదరదు కాబట్టి దాన్ని ఖాళీగా వదిలేద్దామని ప్రతిపాదించాను. ఎవరికైనా ఇంతకంటే మంచి ఉపాయం తోస్తే చెప్పండి.